వైద్యానికీ వైద్య పరిశోధనకీ ఏ నగరం ముందుంది? ఏది చూసి చెప్పాలి?

అన్వేషి

అందరికీ నమస్కారం. బయోస్టాటిస్టిక్స్‌లో పైచదువుకి ఎక్కడికి వెళ్లాలా అని నగరాలను పోల్చి చూడటం మొదలుపెట్టాను. చూసినకొద్దీ తికమక పెరుగుతోంది. ఆసుపత్రుల సంఖ్య చూస్తే ఒక ఊరు పైకొస్తుంది, నోబెల్ బహుమతులు చూస్తే ఇంకోటి, మందుల కంపెనీలు చూస్తే మరోటి.

సైజు ఒక్కటే లెక్కయితే హ్యూస్టన్‌కి తిరుగులేదు. 1945లో మొదలైన టెక్సస్ మెడికల్ సెంటర్ ప్రపంచంలోకెల్లా పెద్ద వైద్య సముదాయం. ఒకే చోట అరవైకి పైగా సంస్థలున్నాయి. ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ అక్కడిదే. 1969లో డెంటన్ కూలీ మనిషికి మొట్టమొదటిసారి పూర్తి కృత్రిమ గుండె అమర్చింది కూడా ఆ ఊళ్లోనే. బోస్టన్‌లో అంత పెద్ద ఆవరణ లేదు, అయినా పరిశోధన అనగానే అందరి నోటా ముందు వచ్చేది దాని పేరే. లండన్ సంగతి చూస్తే 1123లో పెట్టిన సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది, 2016లో తెరిచిన ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ కూడా అక్కడే ఉంది.

ఈ మూడింటినీ వరసలో పెట్టమంటే మీరెలా పెడతారు? ఏది చూసి పెడతారు? నాకు వరస కన్నా ఆ రెండో ప్రశ్నకి జవాబు ముఖ్యం.

పాతకాగితం

అన్వేషి గారూ, మంచి ప్రశ్న వేశారు. వైద్య చరిత్ర నాకు చాలా ఇష్టం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

నా ఓటు బోస్టన్‌కి. 1846 అక్టోబర్ 16న మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈథర్ మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసి చూపించారు. శస్త్రచికిత్స చరిత్రలో దానికి ముందు కాలం వేరు, తర్వాత కాలం వేరు. 1954 డిసెంబర్ 23న అదే ఊళ్లోని ఇంకో ఆసుపత్రిలో జోసెఫ్ ముర్రే కవల సోదరుల్లో ఒకరి కిడ్నీ ఇంకొకరికి అమర్చారు. మొదటిసారి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అదే.

కానీ ఇలాంటి తొలిఘనతలు ఏ పెద్ద ఊరికైనా కొన్ని దొరుకుతాయి. బోస్టన్‌ని నేను ముందు పెట్టడానికి కారణం వేరే ఉంది. 1947 చివర్లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అక్కడి పిల్లల ఆసుపత్రిలో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకి అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆ జబ్బు వస్తే ఇక ఆశ వదులుకోవడమే. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. ఆ మందు తయారైంది బోస్టన్‌లో కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో, యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల్లో. ఆయన అంతకు ముందు చాలా ఏళ్లు హార్వర్డ్‌లో పనిచేసినవారే. అంటే మందు చేసిన రసాయన శాస్త్రజ్ఞుడికీ, పిల్లల మంచం పక్కన నిలబడ్డ డాక్టరుకీ మధ్య దారి తెరిచే ఉంది. నేను చూసేది ఆ దారినే. ఆసుపత్రులు ఎన్ని, ప్రయోగశాలలు ఎన్ని అన్నది కాదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి పని ఎంత తొందరగా వెళ్తుంది, ఎంత తొందరగా తిరిగొస్తుంది అన్నది.

సాయంకాలం

హ్యూస్టన్‌ని మరీ పక్కకి నెట్టేస్తున్నారు. ఎండీ ఆండర్సన్ అనే పత్తి వ్యాపారి వదిలి వెళ్లిన డబ్బుతో ఆ ఫౌండేషన్ ఏం చేసిందో చూడండి. 1941లో టెక్సస్ శాసనసభ క్యాన్సర్ ఆసుపత్రి కోసం 5 లక్షల డాలర్లు మంజూరు చేస్తే, అది హ్యూస్టన్‌లో పెడితే అంతే మొత్తం మేమూ ఇస్తామంది ఫౌండేషన్. తర్వాత భూమి కూడా సమకూర్చింది. ఊరు ఊరంతా ఒక ప్లాను ప్రకారం వైద్యం కోసం నిలబడింది. పరిశోధనకి రోగులు కావాలి కదండీ. అరుదైన క్యాన్సర్లు చాలాచోట్ల ఏడాదికి ఒకటో రెండో కనిపిస్తాయి. అలాంటివి ప్రపంచం నలుమూలల నుంచీ ఒకే చోటికి వస్తే అక్కడి డాక్టరుకి కలిగే అనుభవం ఇంకెక్కడ వస్తుంది?

రాత్రిడ్యూటీ

నేను నర్సుని, చాలాకాలంగా న్యూరో వార్డులో పనిచేస్తున్నాను. మీ చర్చ ఆసక్తిగా ఉంది కానీ ఇందులో రోగి ఎక్కడ అని అడగాలనిపించింది. నోబెల్ వచ్చిన ఊళ్లో స్ట్రోక్ వస్తే బతుకుతామని గ్యారంటీ ఏమీ లేదు.

రెండు నగరాలను నిజంగా పోల్చిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 2010కి ముందు లండన్‌లో స్ట్రోక్ రోగిని దాదాపు ముప్పై ఆసుపత్రుల్లో దేనికైనా తీసుకెళ్లేవారు. 2010లో పద్ధతి మార్చారు. ఎనిమిది ఆసుపత్రుల్లో మాత్రమే ప్రత్యేక స్ట్రోక్ యూనిట్లు పెట్టి, అవి 24 గంటలూ పనిచేసేలా చేసి, ఊళ్లో ఎవరికి స్ట్రోక్ వచ్చినా అంబులెన్స్ దగ్గరి ఆసుపత్రిని దాటేసి అయినా సరే ఆ ఎనిమిదింటిలో ఒకదానికే వెళ్లాలన్నారు. అదే ఏడాది గ్రేటర్ మాంచెస్టర్ కూడా మార్చింది, కానీ సగం సగం. లక్షణాలు మొదలై నాలుగు గంటల లోపు ఉన్నవాళ్లనే ప్రత్యేక యూనిట్లకి పంపారు, మిగతావాళ్లు మామూలుగా దగ్గరి ఆసుపత్రికే వెళ్లారు.

తర్వాత లెక్కలు తీస్తే, మిగతా ఇంగ్లండ్‌తో పోల్చినప్పుడు లండన్‌లో చావులు అదనంగా తగ్గాయి. మాంచెస్టర్‌లో ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి కానీ చావుల్లో ఆ తేడా కనబడలేదు. 2015లో మాంచెస్టర్ కూడా పద్ధతి మార్చి, నాలుగు గంటల షరతు తీసేసింది.

చూడండి, ఇక్కడ కొత్త మందు ఏదీ లేదు. కొత్త యంత్రం లేదు. రెండు ఊళ్లలోనూ మంచి డాక్టర్లే ఉన్నారు. తేడా అంతా అంబులెన్స్ ఎటు తిరగాలి, రాత్రి రెండు గంటలకి స్కాన్ తీసేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాంట్లోనే. రాత్రిపూట వచ్చిన రోగి కోసం స్కాన్ టెక్నీషియన్‌కి ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా గడియారం చూస్తూ నిలబడటం ఎంత టెన్షనో వార్డులో ఉన్నవాళ్లకి తెలుస్తుంది. నగరాన్ని కొలవాలంటే నేనైతే ముందు అక్కడి నైట్ షిఫ్ట్‌ని చూస్తాను.

లెక్కలమనిషి

రాత్రిడ్యూటీ గారు చెప్పిన స్ట్రోక్ ఉదాహరణ చాలా విలువైనది. దానికి నావైపు నుంచి ఒకటి కలుపుతాను. ఆ తేడా బయటపడింది ఎందుకంటే ఇంగ్లండ్‌లో ప్రతి ఆసుపత్రి రికార్డూ ఒకే పద్ధతిలో ఒకచోటికి చేరుతుంది. రికార్డులు లేకపోతే రెండు ఊళ్లూ మేమే గొప్ప అని చెప్పుకుంటూ ఉండేవి.

అన్వేషి గారూ, మీరు స్టాటిస్టిక్స్ మనిషి కాబట్టి చెబుతున్నాను. బోస్టన్, హ్యూస్టన్, లండన్ ఇవన్నీ ఉండనివ్వండి, మిన్నెసోటాలోని రోచెస్టర్ చూడండి. లక్షా ఇరవై వేల జనాభా ఉన్న చిన్న ఊరు. 1883లో సుడిగాలి ఊరిని చితక్కొట్టింది. గాయపడ్డవాళ్లని పెట్టడానికి సరైన చోటు లేక నానా అవస్థా పడ్డారు. అది చూసిన ఫ్రాన్సిస్కన్ సన్యాసినులు ఆసుపత్రి కట్టిస్తాం, మీరు నడపండి అని డాక్టర్ మేయోని ఒప్పించారు. 1889లో ఆ ఆసుపత్రి తెరిచారు. మేయో క్లినిక్ అలా ఎదిగింది.

అక్కడ 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే డాక్టరు చేసిన పని నా దృష్టిలో ఏ ఆపరేషన్‌కీ తీసిపోదు. అప్పటిదాకా ప్రతి డాక్టరూ తన పద్దు పుస్తకంలో తను రాసుకునేవాడు. ఒకే రోగి ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్తే వివరాలు మూడు పుస్తకాల్లో ఉండేవి. ప్లమ్మర్ ఒక్కో రోగికి ఒక్కో నంబరు, ఒక్కో ఫైలు పెట్టాడు. ఎవరు చూసినా, ఏ పరీక్ష చేసినా కాగితం ఆ ఫైల్లోకే రావాలి. ఇవాళ మామూలుగా అనిపిస్తుంది. కానీ ఆ ఫైళ్లు దశాబ్దాల పాటు పోగయ్యాక, 1966 నుంచి రోచెస్టర్ ఎపిడెమియాలజీ ప్రాజెక్ట్ ఆ కౌంటీలో వైద్యం చేసే వేర్వేరు సంస్థల రికార్డులన్నీ కలిపింది. ఒక జబ్బు వచ్చినవాళ్లకి ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత ఏమైందో అక్కడ తెలుసుకోవచ్చు. ఆసుపత్రికి వచ్చిన రోగులే కాదు, ఆ ప్రాంతంలో ఉన్న జనం మొత్తం లెక్కలోకి వస్తారు. హ్యూస్టన్‌కి ప్రపంచం నలుమూలల నుంచీ రోగులు వస్తారని సాయంకాలం గారు చెప్పింది నిజమే, కానీ అలా వచ్చేవాళ్లు వైద్యం చేయించుకుని వెళ్లిపోతారు. తర్వాత వాళ్లని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో డేటాతో పనిచేసేవాళ్లని అడగండి.

సాయంకాలం

వెళ్లిపోయినా ఫాలో అప్‌కి తిరిగొస్తారండీ. క్యాన్సర్ రోగులు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు.

లెక్కలమనిషి

రాగలిగినవాళ్లు వస్తారు. రాలేనివాళ్ల గతి ఏమైందన్నదే నా బాధ. దూరం నుంచి వచ్చి, మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది బాగా జబ్బుపడ్డవాళ్లో, చేతిలో డబ్బు అయిపోయినవాళ్లో అయితే, మిగిలినవాళ్ల ఫలితాలు ఉన్నదానికన్నా అందంగా కనబడతాయి.

పాతకాగితం

రికార్డుల గురించి లెక్కలమనిషి గారు రాసింది చదివాక నేను మొదట చెప్పిన "దారి" గురించి ఇంకాస్త దగ్గరగా చెప్పాలనిపించింది. రెండు సంఘటనలు చూడండి.

1952 ఆగస్టు, కోపెన్‌హాగన్. పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి రోజూ ఊపిరాడని పిల్లలు వస్తున్నారు. ఊళ్లో ఉన్నది ఒక్క ఐరన్ లంగ్ (రోగిని లోపల పడుకోబెట్టి ఊపిరి ఆడించే పెద్ద యంత్రం), కొన్ని చిన్న యంత్రాలు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరుని పిలిపించారు. ఆపరేషన్ గదిలో రోజూ తను చేసే పనే వార్డులో చేద్దామన్నాడాయన. పన్నెండేళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి ఇచ్చాడు. ఆ అమ్మాయి బతికింది. కానీ చేత్తో నొక్కాలంటే ఎవరో ఒకరు పగలూ రాత్రీ మంచం పక్కనే కూర్చోవాలి. వైద్య విద్యార్థులని పిలిచారు. దాదాపు 1500 మంది వంతులవారీగా వచ్చి నెలల తరబడి ఆ సంచులు నొక్కారు. ఊపిరి ఆగిపోయినవాళ్లలో చావులు బాగా తగ్గిపోయాయి. ఇంటెన్సివ్ కేర్ అనే పద్ధతి అక్కడ పుట్టింది. ఆ ఊళ్లో మెడికల్ కాలేజీ ఆసుపత్రికి అంత దగ్గరగా లేకపోయుంటే ఆ 1500 జతల చేతులు ఎక్కడి నుంచి వచ్చేవి? ఇంకో మాట. ఇబ్సెన్ మత్తు వైద్యంలో శిక్షణ పొందింది బోస్టన్‌లో, ఈథర్ చూపించిన ఆ ఆసుపత్రిలోనే.

రెండోది 1957, మినియాపొలిస్. అక్కడ వాల్టన్ లిల్లెహై పిల్లలకి గుండె ఆపరేషన్లు చేస్తున్నారు. ఆపరేషన్ తర్వాత కొందరికి గుండె లయ తప్పేది. అందుకు వాడే పేస్‌మేకర్ పెద్ద పెట్టె, గోడకున్న ప్లగ్గుకి తగిలించాలి. అక్టోబర్ 31న ఊళ్లో కరెంటు పోయింది. లిల్లెహై తమ ఆసుపత్రి పరికరాలు రిపేరు చేసే ఎర్ల్ బాకెన్‌ని పిలిచి బ్యాటరీతో పనిచేసేది చేయగలవా అని అడిగారు. బాకెన్ తన గ్యారేజీలో సుమారు నాలుగు వారాల్లో అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్ పేస్‌మేకర్ చేశాడు. జంతువు మీద పరీక్షించడానికి ఇచ్చి వెళ్లి, మర్నాడు ఆసుపత్రికి వస్తే అది అప్పటికే ఒక పాప ఒంటి మీద పనిచేస్తోంది. ఇవాళ అయితే అనుమతుల్లేకుండా అలా చేయకూడదు, చేయనివ్వరు, అది మంచికే. కానీ ఆ ఊరు వైద్య పరికరాలకి పుట్టిల్లు ఎందుకైందో అందులోనే ఉంది. సర్జన్‌కి ఇంజనీర్ పేరు తెలుసు, ఇంజనీర్ ఆపరేషన్ గదిలోకి వచ్చి నిలబడేవాడు.

మట్టిదీపం

ఫిలడెల్ఫియా పేరు ఎవరూ ఎత్తలేదే! అమెరికాలో 1751లో పెన్సిల్వేనియా ఆసుపత్రి, 1765లో మొదటి మెడికల్ కాలేజీ అక్కడే మొదలయ్యాయి. అది పాత సంగతి, ఇటీవలిది చెబుతాను.

2012లో అక్కడి పిల్లల ఆసుపత్రిలో లుకేమియా ముదిరిపోయిన ఆరేళ్ల పాపకి తన సొంత టీ కణాలనే (రోగాలతో పోరాడే రక్తకణాలు) మార్చి మళ్లీ ఎక్కించారు. కార్-టీ చికిత్స పిల్లల్లో మొదటిసారి. కణాలు పనిచేయడం మొదలయ్యాక జ్వరం విపరీతమైంది, వెంటిలేటర్ మీదికి వెళ్లింది. రక్తపరీక్షలో ఐఎల్-6 అనే పదార్థం చాలా ఎక్కువగా ఉందని తేలింది. దాన్ని అడ్డుకునే మందు ఒకటుంది, కానీ అది కీళ్లవాతానికి వాడేది. ఆ పరిశోధన నడిపిన కార్ల్ జూన్‌కి దాని సంగతి తెలుసు, ఎందుకంటే ఆయన కూతురికి కీళ్లవాతం. ఆ మందు ఇచ్చాక పాప కోలుకుంది. 2017లో ఆ చికిత్సకి అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు ఎక్కడ కార్-టీ చేసినా ఆ మందు పక్కన సిద్ధంగా ఉంచుకుంటారు. ప్రయోగశాల, పిల్లల ఆసుపత్రి, రక్తపరీక్ష ఫలితం వెంటనే ఇచ్చే ల్యాబ్ నడిచి వెళ్లే దూరంలో ఉండటం వల్లే ఇది సాధ్యమైంది. కోవిడ్ టీకాలకి దారి వేసిన కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్‌ల ఎంఆర్ఎన్ఏ పని కూడా ఆ ఊరిదే. 2005లో ముఖ్యమైన పేపరు, 2023లో నోబెల్.

రాత్రిడ్యూటీ

మట్టిదీపం గారూ, అదే ఊళ్లో 1999లో జీన్ థెరపీ ప్రయోగంలో పద్దెనిమిదేళ్ల జెస్సీ గెల్సింగర్ చనిపోయాడు. అది కూడా చెప్పుకోవాలి. ఆ అబ్బాయి చావుబతుకుల్లో ఉన్న రోగి కాదు, ఆహార నియమాలతో, మందులతో మామూలుగా తిరుగుతున్నవాడు, ఇతరులకి పనికొస్తుందని ముందుకొచ్చాడు. ముందు కనబడ్డ దుష్ఫలితాల గురించి కుటుంబానికి సరిగా చెప్పలేదని తర్వాత తేలింది. బాల్టిమోర్‌లో 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే క్యాన్సర్ రోగి కణాలను ఆమెని అడగకుండానే తీసుకుని ప్రపంచమంతా పంచారు. పరిశోధన నగరం అంటే అక్కడి పేదవాళ్ల శరీరాల మీద జరిగిన పని కూడా. నగరాలను పోల్చే పట్టికలో ఈ గడి ఎవరూ పెట్టరు. సంతకం పెట్టించుకునే కాగితం ఎంత సులభంగా అర్థమవుతుంది, వద్దు అన్న రోగిని మర్నాడు కూడా అంతే ప్రేమగా చూస్తారా అన్నది నాకు చాలా ముఖ్యం.

మట్టిదీపం

పూర్తిగా ఒప్పుకుంటాను. గెల్సింగర్ విషాదం తర్వాత ఆ రంగమే ఏళ్ల తరబడి కుంటుపడింది. 2012లో ఆ పాప తల్లిదండ్రులు ఒప్పుకునేలా ఆ ఊరు నమ్మకాన్ని మళ్లీ సంపాదించుకోవాల్సి వచ్చింది. అందుకే ఆ విజయాన్ని నేను ఇంకా ఎక్కువగా గౌరవిస్తాను.

వెన్నెలబడి

ఇప్పుడు పైన ఉన్న ఊళ్లు ఎప్పటికీ పైనే ఉంటాయన్నట్టు మాట్లాడుకుంటున్నాం. వియన్నా చూడండి. 1847లో సెమ్మెల్‌వైస్ ప్రసవాల వార్డులో డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి బాలింతల చావులు తగ్గించింది అక్కడే. 1881లో బిల్‌రోత్ కడుపులో కొంతభాగం తీసేసే ఆపరేషన్ చేసి రోగిని బతికించిందీ, కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులు కనిపెట్టిందీ అక్కడే. ప్రపంచం నలుమూలల నుంచీ డాక్టర్లు నేర్చుకోవడానికి వెళ్లేవారు. 1938లో నాజీలు ఆస్ట్రియాని కలుపుకున్నాక వియన్నా విశ్వవిద్యాలయం వైద్య విభాగంలో సగానికి పైగా అధ్యాపకులను తీసేశారు. ఎక్కువమంది యూదులు. భవనాలు అలాగే ఉన్నాయి, మంచాలు అలాగే ఉన్నాయి. వైభవం మాత్రం మళ్లీ రాలేదు.

బెర్లిన్ కూడా అంతే. 1882 మార్చి 24న కోఖ్ క్షయ క్రిమిని ప్రకటించిన ఊరది. 1933లో అక్కడి షారిటే ఆసుపత్రిలో పనిచేస్తున్న యువ రసాయన శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ చైన్ దేశం విడిచి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీతో కలిసి పెన్సిలిన్‌ని మందుగా మార్చిన బృందంలో ఆయన ముఖ్యుడు. బెర్లిన్ పోగొట్టుకున్నది ఆక్స్‌ఫర్డ్‌కి దక్కింది. ఒక నగరం బయటివాళ్లని ఎలా చూస్తుందో నేనైతే ముందు అది చూస్తాను.

పాతకాగితం

ఊరి జనం ఒప్పుకోవడం కూడా అంతే ముఖ్యమండీ. బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్‌లో 1976లో డీఎన్ఏని కత్తిరించి అతికించే ప్రయోగాల మీద నగర పాలక మండలిలో పెద్ద గొడవ జరిగింది. ప్రయోగాలు కొన్నాళ్లు ఆపించారు. ఎక్కువగా సాధారణ పౌరులతోనే ఒక కమిటీ వేసి, వాళ్లు నెలల తరబడి విని, చదివి, నియమాలు సూచిస్తే 1977లో చట్టం చేశారు. ఏది చేయొచ్చో ఏది చేయకూడదో స్పష్టంగా తెలిసింది కాబట్టి కంపెనీలు భయపడకుండా వచ్చాయి. 1982లో బయోజెన్ వచ్చింది. ఇవాళ అక్కడి కెండల్ స్క్వేర్‌లో వీధి వీధికీ ఒక బయోటెక్ ఉంది.

మూడోమంచం

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఇక్కడ ఎక్కువగా డబ్బున్న నగరాలే వస్తున్నాయి. రెండు పేర్లు కలపనివ్వండి.

మొదటిది మద్రాసు. 1956లో అక్కడ క్షయ పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పటి నమ్మకం ఏమిటంటే క్షయ రోగికి శానటోరియంలో విశ్రాంతి, మంచి తిండి, గాలి ఉండాలి, ఇంట్లో ఉంటే ఇంటిల్లిపాదికీ అంటిస్తాడు. అన్ని శానటోరియాలు కట్టే స్తోమత ఏ పేద దేశానికీ లేదు. రోగులను రెండు గుంపులు చేసి ఒక గుంపుకి శానటోరియంలో, ఇంకో గుంపుకి ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఏడాది పాటు అవే మందులు ఇచ్చారు. 1959లో వచ్చిన ఫలితాలు: ఇంట్లో ఉన్నవాళ్లకి కూడా జబ్బు దాదాపు అంతే బాగా నయమైంది, ఇంట్లోవాళ్లకి అదనంగా అంటుకున్నదీ లేదు. ప్రపంచమంతా క్షయకి ఇంటి దగ్గరే మందులిచ్చే పద్ధతికి ఇది బాట వేసింది. ధనిక దేశాల్లో సైతం శానటోరియాలు మూతపడ్డాయి.

రెండోది ఢాకా. కలరాకి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తే చాలావరకు సెలైన్ సీసా అక్కర్లేదని 1968లో అక్కడి కలరా ప్రయోగశాలలో రోగుల మీద చూపించారు. 1971లో శరణార్థి శిబిరాల్లో సెలైన్ అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ అదే ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపించి పంచారు. ఆయన శిబిరంలో చావులు నూటికి ముప్పై నుంచి నాలుగు కన్నా తక్కువకి పడిపోయాయి. అప్పటి నుంచి కోట్ల మంది పిల్లలు బతికారు. ఏ నగరానికైనా జబ్బు దగ్గరగా ఉండటం కూడా ఒక అర్హతే. బోస్టన్‌లో కలరా పరిశోధన ఎంత చేసినా, వార్డు నిండా కలరా రోగులు ఉన్న చోట నేర్చుకునేది వేరు.

అన్వేషి

మూడోమంచం గారూ, మద్రాసు అధ్యయనం రూపకల్పన గురించి క్లాసులో వినలేదు, ఇవాళే తెలిసింది. ధన్యవాదాలు. అందరి మాటలూ చదివాక నాకొక సందేహం. పాతకాగితం గారు, మట్టిదీపం గారు చెప్పినవన్నీ దగ్గరగా ఉండటం గురించి. కానీ ఇవాళ డేటా ఎక్కడి నుంచైనా పంపొచ్చు. ఇంకా నగరం అనేది లెక్కలోకి వస్తుందా?

లెక్కలమనిషి

పెద్ద పరీక్షలకైతే రాదనే నా గట్టి అభిప్రాయం. 2020లో ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిపిన రికవరీ ట్రయల్ చూడండి. మార్చిలో మొదలైంది, బ్రిటన్ అంతటా సుమారు 175 ఆసుపత్రుల్లో కోవిడ్ రోగులను చేర్చుకున్నారు. జూన్‌లో డెక్సామెథసోన్ ఫలితం చెప్పేశారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో చావులు మూడో వంతు తగ్గాయి. పాత మందు, చవకైన మందు, అన్నిచోట్లా దొరికేది. ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రులొక్కటే అయితే అంతమంది రోగులని పోగుచేయడానికి ఎన్నేళ్లు పట్టేదో! పేరున్న ఆసుపత్రులు ఎవరికి వాళ్లు చిన్న చిన్న పరీక్షలు పెట్టుకున్న చోట్ల ఏ జవాబూ రాలేదు. నా దృష్టిలో గొప్ప వైద్య నగరం కన్నా మామూలు ఆసుపత్రులన్నీ ఒకే ప్రశ్న మీద కలిసి పనిచేసే దేశం మేలు.

పాతకాగితం

అది మందు చేతికొచ్చాక మాట, లెక్కలమనిషి గారూ. మొదటి పదిమంది రోగులకి ఇచ్చేటప్పుడు 175 ఆసుపత్రులు పనికిరావు. ఒక్క వార్డు కావాలి, గంట గంటకీ చూసేవాళ్లు కావాలి. జేమ్స్ ఆలిసన్ అనే శాస్త్రజ్ఞుడి సంగతి చూడండి. క్యాన్సర్‌కి ఇమ్యూనోథెరపీలో (ఒంట్లోని రోగనిరోధక శక్తి చేతే క్యాన్సర్‌తో పోరాడించే చికిత్స) ఆయన ఆలోచన బర్క్‌లీలో ఎలుకల మీద తేలింది. ఆయన మందు రోగుల దగ్గరికి చేరుతుంటే పక్కనే ఉండాలని 2004లో న్యూయార్క్‌లోని క్యాన్సర్ ఆసుపత్రికి మారారు, 2012లో హ్యూస్టన్ వెళ్లారు. సాయంకాలం గారు సంతోషిస్తారు, 2018లో నోబెల్ వచ్చేటప్పటికి ఆయన ఎండీ ఆండర్సన్ మనిషి.

సాయంకాలం

చాలా సంతోషం 🙂 నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

రాత్రిడ్యూటీ

బెథెస్డా గురించి ఎవరూ రాయలేదు. వాషింగ్టన్ పక్కనున్న ఆ ఊళ్లో 1953లో తెరిచిన ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) క్లినికల్ సెంటర్‌లో ప్రతి రోగీ ఏదో ఒక పరిశోధనలో భాగమే. రోగి దగ్గర చికిత్సకి డబ్బు తీసుకోరు. 1956లో ఒక రకం క్యాన్సర్‌ని కేవలం మందుతో నయం చేయడం మొదలైంది అక్కడే, మెథోట్రెక్సేట్‌తో. పాతకాగితం గారు చెప్పిన "ఒక్క వార్డు" అంటే నాకు గుర్తొచ్చేది అది. నర్సులకి కూడా పరిశోధన నర్సింగ్ అని ప్రత్యేకంగా శిక్షణ ఉంటుంది.

అన్వేషి

నా వరకు ఇప్పుడు రెండు పేర్లు మిగిలాయి, రోచెస్టర్, ఆక్స్‌ఫర్డ్. చదువు అయ్యాక జబ్బుల దీర్ఘకాలిక ఫలితాల మీద పనిచేయాలని ఉంది. లెక్కలమనిషి గారూ, రోచెస్టర్ డేటాలో ఇబ్బందులేమైనా ఉన్నాయా?

లెక్కలమనిషి

ఉన్నాయి. ఆ కౌంటీ జనాభాలో చాలాకాలం పాటు ఎక్కువమంది ఐరోపా మూలాలున్న శ్వేతజాతీయులు. మిగతా ప్రపంచంతో పోలిస్తే వైద్యం సులభంగా అందేవాళ్లు కూడా. అక్కడ తేలింది అందరికీ వర్తిస్తుందని గుడ్డిగా అనుకోకూడదు. తర్వాత చుట్టుపక్కల కౌంటీలకి విస్తరించారు కానీ పాత దశాబ్దాల డేటా పాతదే. బోస్టన్ దగ్గరి ఫ్రామింగ్‌హామ్ అధ్యయనానికీ ఇదే చిక్కు. 1948లో 5,209 మందితో మొదలైంది. బీపీ, కొలెస్టరాల్, పొగ తాగడం గుండెజబ్బుకి దారితీస్తాయని మనకి తెలిసింది చాలావరకు దానివల్లే. కానీ వాళ్లు దాదాపు అందరూ శ్వేతజాతీయులే. 1994లో ఇతర మూలాలున్నవాళ్లతో ఇంకో బృందాన్ని చేర్చారు. మీరు దరఖాస్తు రాసేటప్పుడు ఈ విషయం మీదే ఏం చేయాలనుకుంటున్నారో ఒక పేరా రాయండి. డేటాలో ఎవరు లేరో గమనించే విద్యార్థి ఏ గైడుకైనా నచ్చుతాడు.

మూడోమంచం

ఢాకాకి దగ్గర్లోని మత్లబ్ కూడా ఆ జాబితాలో చేర్చుకోండి. 1966 నుంచి అక్కడి పల్లెల్లో పుట్టుకలు, చావులు, వలసలు ఇంటింటికీ వెళ్లి నమోదు చేస్తూనే ఉన్నారు. రోచెస్టర్ ప్రాజెక్ట్ మొదలైన ఏడాదే అదీ మొదలైంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరైనా చేస్తే నేను తప్పకుండా చదువుతాను.